ఇంటికి తొవ్వ అడిగిన డాక్టరమ్మ

చిక్కడపల్లిలో లైబ్రరీ దాటాక వచ్చే కరెంటు స్తంభానికి మొన్న ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. దానికి ఒక పక్క గ్రూప్స్ కోచింగ్ ప్రకటన, ఇంకో పక్క లేడీస్ హాస్టల్ ప్రకటన. మధ్యలో ఆమె, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. ఆ నవ్వు వల్లే నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫొటోలోంచి ఆమెనొక్కదాన్నే కత్తిరించినట్టున్నారు. పక్కన నిలబడ్డ మనిషి పట్టుచీర అంచు ఆమె భుజం దగ్గర కొంచెం మిగిలిపోయింది.

నేను కదలకుండా నిలబడడం చూసి చెరుకురసం బండి అతను, "డాక్టరమ్మ మీకెరుకనా అక్కా?" అని అడిగాడు. ఎరుకే అన్నాను. "మా ఇద్దరు పిల్లలు ఆమె చేతులనే పుట్టిన్రు. మొన్నమొన్నటి దాంక గీ తొవ్వలనే నడుసుకుంట పోయేది. నిద్రలనే పోయిందంట," అన్నాడు. ఈ గల్లీల్లో ఎవరిని కదిపినా ఇదే మాట, మావాడు ఆమె చేతుల్లో పుట్టాడు, మా అమ్మాయి ఆమె చేతుల్లో పుట్టింది అని. నాకు ఆ మాట చెప్పుకునే యోగం లేదు. నా కడుపులో ఉన్నదాన్ని ఆమె మందిచ్చి కరిగించింది. అయినా ఆ ఫ్లెక్సీ ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. చెరుకురసం తాగే నెపంతో అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. ఆమె నర్సింగ్ హోం బోర్డు మీద డాక్టర్ పేరు కంటే "గేటు ముందు బండ్లు పెట్టరాదు" అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉండేది. మెయిన్ రోడ్డు వెనక సన్న గల్లీలో రెండంతస్తుల ఇల్లు అది. ఇప్పుడు అందులో కోచింగ్ పిల్లల మెస్ నడుస్తోంది. ఆమె ఉండేది అశోక్ నగర్‌లో. పొద్దున చేతిలో టిఫిన్ డబ్బాతో నడిచి వచ్చేది, దారిలో ఎవరైనా నమస్తే పెడితే, "బీపీ గోలీ వేస్కున్నవా?" అని అడిగి జవాబు వినకుండా ముందుకు పోయేది.

మనిషి పొట్టి. నేత చీర, దాని మీద తెల్లకోటు. ఎడమ చేతికి మగవాళ్ల గడియారం, అదీ ముఖం లోపలి వైపుకు తిప్పి కట్టుకునేది. గదిలో మంచి తోలు కుర్చీ ఉండేది, దాని మీద ఎప్పుడూ ఫైళ్లే కూర్చునేవి, ఆమె స్టూలు మీద కూర్చునేది. కోటు ఒక జేబులో స్టెతస్కోపు, ఇంకో జేబులో పుట్నాలు. మధ్యాహ్నం తిండి కుదరని రోజు అవే ఆమె భోజనం. భార్యను లోపలికి పంపించి బయట కళ్లు తుడుచుకునే మొగుళ్ల చేతిలో కూడా గుప్పెడు పుట్నాలు పోసేది. నములుతూ ఏడవడం ఎవరికైనా కష్టం కదా, వాళ్లు ఏదో ఒకటే చేసేవాళ్లు.

ఆమె ఆస్పత్రిలో "ఏం గాదు" అన్న మాట మీద నిషేధం ఉండేది. కొత్తగా చేరిన సిస్టర్ ఎవరో అలవాటుగా, "ఏం గాదమ్మా, భయపడకు," అనేది. డాక్టరమ్మ పక్క గదిలోంచి అరిచేది. "ఏమైతదో నీకేం ఎరుక? ఉన్నం అని చెప్పు. అది మాత్రం అబద్ధం గాదు." అందుకే అక్కడ సిస్టర్లందరూ, "ఉన్నమమ్మా, ఉన్నం," అంటూ తిరిగేవాళ్లు. మొదటిసారి విన్నప్పుడు నాకు హాజరు పట్టీ పిలుస్తున్నారేమో అనిపించింది. నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను, మా చెవులకు అన్నీ అట్లాగే వినిపిస్తాయి.

నేను ఆమె దగ్గరికి వెళ్లేనాటికే ఒకసారి దెబ్బ తిని ఉన్నాను. పెళ్లయిన కొత్తలో గర్భం గర్భసంచిలో కాకుండా ఎడమ ట్యూబులో నిలిచింది. మాకు తెలిసేలోపే ట్యూబు పగిలి, వేరే ఆస్పత్రిలో ప్రాణం మీదికి వచ్చి, కోసి తీసేశారు. మిగిలింది కుడి ట్యూబు ఒక్కటే. రెండోసారి నెల తప్పగానే భయంతో ఆమె దగ్గరికి పరుగెత్తాను. రక్తపరీక్ష, స్కాను అయ్యాక ఆమె స్టూలును నా మోకాళ్ల దాకా జరుపుకుని కూర్చుంది.

"ఈసారి గుడ ట్యూబులనే ఉన్నది. ఉన్న ఒక్క ట్యూబుల," అంది.

మా ఆయన గోడకు ఆనుకున్నాడు.

"రెండు తొవ్వలున్నయి. ఒకటి కోసుడు. నీ ప్రాణానికి అదే మంచిది, గని ట్యూబు మిగులుతదని చెప్పలేను. ఇంకోటి ఇంజెక్షన్. క్యాన్సర్‌కు వాడే మందే, జర తక్కువ డోసు. పెరిగేదాన్ని ఆపుతది, మెల్లగ కరిగిస్తది. పని చేస్తే ట్యూబు దక్కుతది. చెయ్యకపోతే మందు నడుస్తుండంగనే పగలొచ్చు."

"నాకు పని చేస్తదా మేడం?"

"నీ రక్తంల హార్మోన్ అంకె ఉండాల్సిన దానికంటె మీదికున్నది. గసువంటోళ్లకు మందు పని చెయ్యకపోయే ఛాన్సు ఎక్కువ. గుండె చప్పుడు ఇంక రాలే. వచ్చి ఉంటే అసలు మందు పేరే ఎత్తకపోతుంటి."

పిల్లలు పుట్టే దారి పోయాక ప్రాణం ఉండి ఏం చేసుకోను అన్నాను. నిజంగానే అనుకుని అన్నాను. ఆమె దానికి జాలిపడలేదు. "మస్తు పనులున్నయి. రేపు కాలేజీ పిల్లల టీసీలు ఎవరు రాస్తరు? మీ ప్రిన్సిపాల్ రాస్తడా?" అంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇంజెక్షనే కావాలని గట్టిగా చెప్పగలిగాను.

అప్పుడు అడిగింది, "ఇంటికి తొవ్వ చెప్పు," అని.

ఈ ప్రశ్న ఆమె ప్రతి ఒక్కరినీ అడుగుతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఈమెకు మతిపోయిందేమో అనుకున్నాను. రాంనగర్ అని చెప్తే ఊరుకోలేదు. మా ఇంటి గేటు దగ్గరి నుంచి మొదలుపెట్టించింది. మా ఇల్లు రెండో అంతస్తు, మెట్లు ఇరుకు, గల్లీలోకి కారు రాదు, ఆటో చౌరస్తా దగ్గర పట్టుకోవాలి, బాగ్ లింగంపల్లి మీదుగా వస్తే ఇక్కడికి చేరతాం. ఆమె కళ్లు మూసుకుని వింటోంది, మధ్యమధ్య "ఊఁ, తర్వాత?" అంటోంది.

"వినాయక చవితి ఎల్లుండే గద. ఆ తొవ్వల గణపతులు ఎన్ని పెడ్తరు?"

"గల్లీకొకటి, మేడం," అన్నాడు మా ఆయన.

"అయితే ఇంటికి పోవద్దు. వెనక రూముల ఉండు."

నర్సింగ్ హోం వెనక రేకుల కప్పుతో రెండు గదులు ఉండేవి. ఒకదాంట్లో నన్నూ మా అత్తమ్మనూ పెట్టింది. ఆటోలో పావుగంట దూరంలో సొంత ఇల్లు పెట్టుకుని రేకుల కింద ఉండడమేంటని మా అత్తమ్మకు మింగుడుపడలేదు. ఆవిడ ఏదైనా మొహం మీదే అడిగే మనిషి. "డాక్టరమ్మా, ఇంజెక్షన్ ఇచ్చినంక రక్తపరీక్షకు మేమే పట్టుకొస్తం గద. ఈడ ఎందుకు పరేషాన్?" అంది.

డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడింది. "ఇట్లనే ఒక పిల్లకు ఇంజెక్షన్ ఇచ్చిన. బిల్డింగ్ పనికి పాలమూరు నుంచి వచ్చిన్రు మొగుడు పెండ్లాం. నొప్పొస్తె రా అని చెప్పిన. వస్త అన్నది. నేను రోగం అడిగిన గని, యాడ ఉంటవ్ అని అడగలే. సైటు మీద ఎవరు చూస్తరని మొగుడు ఊరికి తోలిండు. బస్సుల నొప్పి మొదలైంది. ఇంజెక్షన్ నొప్పే అనుకొని పండ్లు బిగబట్టుకొని కూసున్నదంట." చేతి గడియారం సర్దుకుంది. "బస్సు ఊరికి చేరింది. పిల్ల చేరలే."

మా అత్తమ్మ సాయంత్రం ఇంటికి పోయి రెండు దుప్పట్లు, స్టవ్, నా దిండు పట్టుకొచ్చింది.

ఇంజెక్షన్ మామూలు ఇంజెక్షనే. తొడకు వేశారు, చీమ కుట్టినంత నొప్పి. అంత చిన్న పోటుకి అంత పెద్ద పని చేసే శక్తి ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. దానికి ముందు లివరూ కిడ్నీలూ ఎలా ఉన్నాయో పరీక్షలు చేయించింది. బరువులు ఎత్తొద్దు, నొప్పికి సొంతంగా మందులు కొనుక్కోవద్దు, ఏ గోలీలూ వేసుకోవద్దు అని చెప్పింది. రోజూ పొద్దున వచ్చి, "గోలీలేం వేసుకోలేదు గద?" అని అడిగేది. లేదని చెప్పేదాన్ని.

నాలుగో రోజు రక్తంలో అంకె పెరిగింది. మా ఆయన మొహం మాడిపోయింది. మొదట పెరగడం మామూలేనని, ఏడో రోజుకు ఎంత దిగిందన్నదే లెక్కని ఆమె చెప్పింది. ఏడో రోజుకు దిగింది, కానీ దిగాల్సినంత దిగలేదు.

ఆ మాట చెప్పడానికి ఆమె పొద్దున్నే మా గదిలోకి వచ్చింది. అప్పుడే మా అత్తమ్మ నా చేతిలో పాలగ్లాసు పెట్టి, అలవాటు ప్రకారం ఒక ఎర్ర గోలీ నా నాలుక మీద వేయబోతోంది. డాక్టరమ్మ గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇదేంది?"

"గోలీ కాదు డాక్టరమ్మా, బలం గోలీ," అంది మా అత్తమ్మ. "రక్తం పడనీకి."

మా ఇంట్లో ఆ రెండూ వేరు. గోలీ అంటే జబ్బుకు వేసుకునేది. బలం గోలీ అంటే నెయ్యి, పాలు లాంటిది, అది లెక్కలోకి రాదు. రోజూ ఆమె అడిగినప్పుడు నేను లేదని చెప్పింది అబద్ధమని నాకు తట్టనైనా లేదు. పైగా మధ్యాహ్నాలు మునగాకు పప్పు, తోటకూర. నాకు రక్తం పోతోందని మా అత్తమ్మ నారాయణగూడ మార్కెట్‌కు పోయి ఏరి ఏరి తెచ్చేది. ఆ గోలీలో, ఆ ఆకుకూరల్లో ఉన్న ఫోలిక్ యాసిడ్‌నే కడుపులో పెరిగే పిండం వాడుకుంటుంది, ఇంజెక్షన్ దాన్నే అడ్డుకుంటుంది. ఒక చేత్తో ఆపుతున్నదాన్ని ఇంకో చేత్తో మేము మేపుతున్నాం.

డాక్టరమ్మ ఈ సంగతి చెప్పగానే మా అత్తమ్మ మంచం మీద కూలబడింది. తిట్లు పడతాయని నేనూ తల దించుకున్నాను. డాక్టరమ్మ ఆ గోలీల పట్టీని అటూఇటూ తిప్పి చూసింది. "నాదే తప్పు. గోలీలు అన్న, బలం గోలీలు అనలే," అంది. తర్వాత మా అత్తమ్మ పక్కన కూర్చుంది. "దీనివల్లనే అంకె దిగలేదో, ఊకెనే దిగలేదో నేను చెప్పలేను. ఇగ రెండో ఇంజెక్షన్ ఇస్త. అది నడిచే దాంక కోడలికి బీరకాయ పెట్టుండ్రి, సొరకాయ పెట్టుండ్రి. బలం నేను చెప్పినప్పుడు పెడుదురు, కాదనను." ఆ పట్టీ మాత్రం కోటు జేబులో వేసుకుపోయింది. అప్పటినుంచి ఇంజెక్షన్ వేసే ప్రతి మనిషికీ దాన్ని చూపించి, "గిది గుడ," అని చెప్పేదట.

రెండో ఇంజెక్షన్ అయ్యాక నిమజ్జనాల రోజుల్లో ఒక మధ్యాహ్నం నొప్పి వచ్చింది. కుడి పక్క పొత్తికడుపులో ఎవరో పట్టి మెలిపెడుతున్నారు. గల్లీ చివర మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, డప్పులకు గది రేకులు అదురుతున్నాయి. మా అత్తమ్మ కేకకు ఇద్దరు సిస్టర్లు వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయారు. ఇంట్లో ఉండి ఉంటే ఆ జనంలోంచి ఆటో కదిలేది కాదు.

స్కాను చేసింది. కడుపులో కొంచెం నీరో రక్తమో కనబడుతోంది. మా ఆయన ఆఫీసు నుంచి నడిచి, పరుగెత్తి, చెమటలు కారుతూ వచ్చాడు. ఆమె అతనికీ నాకూ కలిపి ఒకేసారి చెప్పింది.

"ట్యూబు నుంచి అది ఊడొచ్చే నొప్పి కావచ్చు. అయితే మంచిదే. ట్యూబు పగిలే నొప్పి కావచ్చు. మొదట్ల రెండు ఒక్కతీరే ఉంటయి. ఏదన్నది నాకిప్పుడు తెలుస్తలేదు."

నేను చాలామంది డాక్టర్లను చూశాను. తెలియదు అన్న మాట అంత మామూలుగా చెప్పిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

"మరి ఏం చేద్దాం మేడం?" అన్నాడు మా ఆయన.

"నాడి పట్టుకొని కూసుంట. నాడి ఉరికిందంటె కోస్త. అప్పుడు మిమ్మల్నెవర్ని అడగ. ఇప్పుడే చెప్తున్న."

థియేటర్‌లో లైట్లు వేయించింది. రక్తం తెప్పించి పెట్టింది. మత్తు డాక్టర్ వచ్చి బయట బెంచీ మీద పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఆమె స్టూలు జరుపుకుని నా మణికట్టు పట్టుకుంది. తన చెయ్యి నా చేతి మీద ఉండగానే, తిప్పకుండా, తన గడియారం ముఖం ఆమెకు కనబడుతోంది. గడియారం అలా ఎందుకు కట్టుకుంటుందో అప్పుడు అర్థమైంది.

"మాట్లాడుతుండు. మాట తడబడితె నాకు తెలుస్తది," అంది.

ఏం మాట్లాడాలో తెలియక కాలేజీ సంగతులు చెప్పాను. టీసీ పోగొట్టుకున్నామని ప్రతి ఏడాదీ వచ్చే పిల్లల గురించి, తండ్రి పేరు తప్పు పడిందని పోట్లాడే తల్లుల గురించి. ఆమె నవ్వలేదు, ఊఁ కొడుతూనే ఉంది. నొప్పి పెరిగినప్పుడు నా మాట ఆగేది, ఆమె వేళ్లు బిగిసేవి. మధ్యలో రెండుసార్లు స్కాను పెట్టి చూసింది. ఒకసారి సిస్టర్ నా నుదురు తుడుస్తూ "ఏం గా" అనబోయి నాలిక్కరుచుకుని, "ఉన్నమక్కా," అంది. ఆ మాట నాకు అంతకు ముందెప్పుడూ అంత అవసరం పడలేదు. చచ్చిపోతానేమో అనుకున్నాను, ట్యూబు పోతుందేమో అని కూడా అనుకున్నాను. ఆ రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

పొద్దుగూకే వేళకు ఊరేగింపులు పలచబడ్డాయి. నొప్పి మెల్లగా మొద్దుబారింది. స్కానులో నీరు పెరగలేదు. ఆమె నా చెయ్యి వదిలేసరికి మణికట్టు మీద నాలుగు వేళ్ల ముద్రలు ఎర్రగా ఉన్నాయి. "నాకు ఆకలైతుంది," అని లేచి, జేబులోంచి పుట్నాలు తీసి నిలబడే తిన్నది. మత్తు డాక్టర్ పేపరు మడిచి ఇంటికి పోయాడు.

ట్యూబు దక్కింది. తర్వాత దాని వల్ల పిల్లలు పుట్టారా అంటే, లేదు. ఆమె చెప్పినన్ని నెలలు ఆగాం, తర్వాత చాలా ఏళ్లు చూశాం, ఇప్పుడు చూడడం మానేశాం. నారాయణగూడ మార్కెట్‌లో నాకు ఎదురయ్యే చుట్టాలూ, కొలీగులూ అందరూ విశేషమేంటని అడిగినవాళ్లే. ఆమె ఎన్నోసార్లు ఎదురైంది, ఒక్కసారీ అడగలేదు. జామకాయలు కొంటూ, "కాలేజీల అడ్మిషన్లు మంచిగైనయా?" అనేది. ఆమె మీద నాకున్న గౌరవంలో సగం దానివల్లే.

కానీ ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చివరి రిపోర్టు రోజు. వారం వారం రక్తం ఇచ్చి, అంకె తగ్గుతూ తగ్గుతూ, చివరికి గర్భమే లేని మనిషికి ఉండాల్సిన చోటికి వచ్చింది. మా ఆయన స్వీట్ డబ్బా తెచ్చి సిస్టర్లకు పంచుతున్నాడు. మా అత్తమ్మ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. అందరి మొహాలూ వెలుగుతున్నాయి. నేను ఒక్కదాన్నే రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆమె నన్ను చూసింది. "మీరు జర బయట కూసోండ్రి," అని వాళ్లిద్దరినీ పంపించి తలుపు వేసింది.

"ఏందో చెప్పు."

"మొదటిసారి కోసి తీసిన్రు మేడం. ఏం తీసిన్రో నేను చూడలే, గని తీసిన్రని ఎరుక. ఈసారి రక్తం పోతుంటే అదే పోతుందనుకున్న. అది కాదు, గర్భసంచి పొర అని సిస్టర్ చెప్పింది. మరి అదెటు పోయింది?"

ఆమె స్టూలు మీద కూర్చుని చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"ఎటు పోలే. కరిగింది. కరిగి నీ రక్తంలనే కలిసింది. పూడ్సిపెట్టనీకి ఏం మిగలది ఈ మందుల. నీ ఒళ్లే దాన్ని మల్ల లోపటికి తీస్కున్నది."

"అంటే నాలోనే ఉన్నదా?"

"నీలోనే ఉన్నది బిడ్డా. ఇంకెక్కడికి పోతది?"

ఇంజెక్షన్ వేసిన రోజు నేను ఏడవలేదు. నొప్పి వచ్చిన మధ్యాహ్నం ఏడవలేదు. బతకాలి, ట్యూబు దక్కాలి అన్న ఆత్రంలో, పోతున్నది నా బిడ్డ అన్న మాట నేనూ అనుకోలేదు, ఇంకెవరూ అనలేదు. అందరూ దాన్ని అంకె అన్నారు. ఆమె ఆ మాట చెప్పగానే లోపల ఎక్కడో కట్ట తెగింది. గొంతు చించుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, నీళ్లు ఇవ్వలేదు, అక్కడే కూర్చుంది.

చప్పుడు విని మా అత్తమ్మ తలుపు తోసింది. చేతిలో సగం తిన్న లడ్డూ. "ఏమైంది డాక్టరమ్మా? రిపోర్టు మంచిగనే వచ్చింది గద?"

"మంచిగనే వచ్చిందమ్మా. అందుకే ఏడుస్తున్నది. ఏడ్వనియ్యుండ్రి," అని ఆమె తలుపు మళ్లీ దగ్గరికి వేసింది.